ఎర్ర కారుకు ఎవరి దిష్టి?

దేవేంద్ర ఎర్ర స్పోర్ట్స్ కారు సంగతి మీరు వినుండరు. రాజాంలో హారన్ కొట్టి బయల్దేరితే, ఆ మోత ఆమదాలవలస చేరేసరికి కారు స్టేషన్ ముందు నిలబడి ఉంటుంది. దానికి ఎదురొచ్చే గాలి కూడా పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. రెండు జిల్లాలూ ఒప్పుకున్న మాట ఇది.

దేవేంద్ర నరసన్నపేట రైస్ మిల్లు జగన్నాధం గారి ఒక్కగానొక్క కొడుకు. విశాఖలో ఎవరో విసుగెత్తి మూల పడేసిన కారుని తెచ్చి, ఏడాదిపాటు నట్టు నట్టూ విప్పి బిగించాడు.

"ఇద్దరికే సోటున్న బండేట్రా? ధాన్యం బస్తా కూడా పట్టదు!" అని తండ్రి ఒకటే సణుగుడు.

చివరికి తండ్రీ కొడుకులు ఒక మాట మీదకు వచ్చారు. పెదనాన్న కొడుకు ఉమాశంకర్ పెళ్లి ఊరేగింపు ఈ కారులో సాఫీగా జరిగితే కారు ఉంటుంది. దారిలో ఆగిందా, మర్నాడే అమ్మకం. దేవేంద్ర మిల్లులో కూర్చోవాలి.

పెళ్లి రాజాంలో. సాయంత్రం విడిది ఇంటి ముందు దేవేంద్ర బానెట్ ఎత్తి, ఇంజిన్‌ని పసిపిల్లాడి ముఖంలా తుడుస్తున్నాడు. ఎదురుకోలుకి ఆడపెళ్లివారు వచ్చారు. వాళ్లలోంచి పూలబుట్టతో ఒకమ్మాయి నేరుగా కారు దగ్గరికి వచ్చింది.

"డ్రైవరుబాబూ, మూత దించండి. దండలు కట్టాల."

"డ్రైవర్ని కాదండీ, ఓనర్ని."

"ఓనర్లయితే మూతలు దించరేటి?"

తలెత్తి చూశాడు. చూసినవాడు మళ్లీ దించడం మర్చిపోయాడు, తలనీ, బానెట్‌నీ కూడా.

"ఎక్కడైనా కట్టుకోండి. ముందు గాలి పోయే జాలీ మీద మాత్రం ఒక్క పువ్వు కూడా వద్దు" అన్నాడు తేరుకుని. "ఊరేగింపులో మెల్లగా నడుస్తాది. బయటి గాలి తగల్దు. లోపల ఫ్యాన్ తిరిగితేనే ఇంజిన్ సల్లబడతాది."

"అబ్బో, కారుకి ఆయాసమా! ఇంతకీ మీరు పెళ్లికొడుక్కి ఏటవుతారు?"

"తమ్ముణ్ణి."

"నేను పెళ్లికూతురి సెల్లెల్ని, రేఖ. అయితే మీరు నాకు బావే!"

స్పానర్ జారి కాలి మీద పడింది. ఎవరి కాలో అన్నట్టు నవ్వుతూ నిలబడ్డాడు దేవేంద్ర.

లోపలికెళ్లి పెళ్లికొడుకుని తీసుకొచ్చేసరికి రేఖ బానెట్ దించేసి చేతులు దులుపుకుంటోంది. ముఖం నిండా అమాయకత్వం.

ఊరేగింపు కదిలింది. ముందు సన్నాయి, డప్పులు. వెనక ఎర్ర కారు. గాలి దారి ఇస్తుందన్నాను కదా, ఆ రోజు ఎడ్లబండి కూడా ఇవ్వలేదు. డప్పులవాడి మడమ తొక్కకుండా నడవడమే గొప్పైపోయింది. ఒక మేక కారుని దాటి వెళ్లి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

బజారు మధ్యకు రాగానే మీటర్ల పక్కన పసుపు లైటు వెలిగింది. కూలింగ్ ఫ్యాన్ హెచ్చరిక. వేడి ముల్లు పైకి పాకుతోంది.

దేవేంద్ర ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టాడు.

"ఒరే, ఇదేట్రా? వైశాఖంలో హీటరేటి?" పట్టుబట్టల్లో ఉమాశంకర్ ఎగిరిపడ్డాడు.

"ఇంజిన్ వేడిని ఇటు లాగుతున్నానన్నయ్యా. కాసేపు ఓర్సుకో."

"నేను పెళ్లికొడుకునిరా! కుడుముని కాదు!"

ముల్లు ఆగలేదు. దేవేంద్ర పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు. మేళం ఆగింది. జనం మూగారు. మేనమామ అప్పలసూరి చెంబుడు నీళ్లతో పరిగెత్తుకొచ్చి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"మావా, వద్దు! ఇప్పుడు తీస్తే మరిగిన నీళ్లు మొహాన కొడతాయి!"

ఫ్యూజుల పెట్టె తెరిచాడు. ఫ్యాన్ ఫ్యూజు కాలిపోయి ఉంది. దగ్గరున్న ఒకే ఒక్క కొత్తది పెట్టి తాళం తిప్పాడు. టప్! అదీ పోయింది.

"ఫ్యాన్‌ని ఏదో పట్టేసినాది" అని గొణుక్కున్నాడు.

జగన్నాధం గారు కండువా దులిపారు. "నిన్ను పట్టింది కూడా ఇయ్యాళతో వదుల్తాది. రేపే అమ్మేస్తాను. ఎల్లుండి మిల్లుకి రా."

దేవేంద్ర ముఖం వాడిపోయింది. రేఖ ఆ ముఖం చూసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చుట్టూ మగపెళ్లివారు, పెద్దలు, సగం రాజాం.

"మావయ్యగారూ" అంది గట్టిగా. "బండి తప్పు కాదు. బావ తప్పూ కాదు. లోపల దిష్టితాడు కట్టినాను. నేనే."

"ఓలమ్మో! జాలీకి కట్టాల గానీ, కడుపులో కడతారేటే?" అని బుగ్గలు నొక్కుకుంది ఆమె నాయనమ్మ తవిటమ్మ.

"జాలీ మీద వద్దన్నారు కదే! రేడియేటర్ ఎనకాల ఒక సట్రం కనబడితే..."

"అది ఫ్యాన్ గూడు!" దేవేంద్ర నెత్తి పట్టుకున్నాడు. "బీటెక్ సదివేవట, ఎవరో అన్నారు!"

"సివిల్! నీ ఇల్లు కూలితే పిలు, సెప్తాను!"

దేవేంద్రకి కోపం రావాలి. నవ్వొచ్చింది. బ్యాటరీ వైరు విప్పి, వేడి కాస్త తగ్గాక చెయ్యి లోపలికి పెట్టాడు. రేఖ ఫోన్ లైటు పట్టుకుంది. ఫ్యాన్ ఇరుసుకి నల్లతాడు చుట్టుకుపోయి ఉంది. దాంతోపాటు మూడు గవ్వలు, మిరపకాయలు, సగం ఉడికిన నిమ్మకాయ. ఒకరు లాగితే ఒకరు కోశారు. వేళ్లు వేళ్లకు తగిలాయి. అనుకోకుండానే తగిలాయనుకుందాం.

"ఫ్యూజేది మరి?" అంది రేఖ.

"హీటర్‌ది అలాంటిదే. తీసి పెడతాను."

"తియ్యరా నాయనా, బేగి తియ్యి!" లోపల్నుంచి పెళ్లికొడుకు దణ్ణం పెట్టాడు.

బ్యాటరీ వైరు బిగించి తాళం తిప్పాడు. గుయ్‌య్‌య్! ఫ్యాన్ తిరిగింది. పసుపు లైటు ఆరింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. దేవేంద్ర గుండె వాటికంటే ఒక దెబ్బ ముందే ఉంది.

మండపం ముందు పెళ్లికొడుకు దిగిపోయాడు. దేవేంద్ర కారు టాపు వెనక్కి మడిచాడు. పక్క సీటు ఖాళీ. రేఖ వచ్చి, అడక్కుండానే కూర్చుంది.

"కోపమేటి?"

"కోపం కాదు, ఒక డౌటు. కారుకి దిష్టి తగుల్తాదని అంత భయమేటి?"

"కారుకని ఎవరన్నారు?" చీర కొంగుని వేలికి చుట్టింది. "ఈ ఎర్ర డబ్బాని ఎవరు సూస్తారు? అందరూ నడిపేవోడినే సూస్తన్నారు. అందరికన్నా ఎక్కువ నేనే సూసినాను. నా దిష్టే తగుల్తాదేమోనని..."

అప్పుడే పైనుంచి చినుకులు పడ్డాయి, చల్లగా, గులాబీ వాసనతో.

"ఫ్యాన్ తిరుగుతున్నాదా ఇంకా?" అని అడిగింది రేఖ.

"ఇంజిన్‌కి తిరుగుతున్నాది. నాకే సాలట్లేదు."

అటుగా వచ్చిన జగన్నాధం గారు ఆ రెండు సీట్లనీ, అందులో ఇద్దరినీ తేరిపార చూశారు.

"ఊరేగింపు మండపం సేరింది కదా" అన్నారు మెల్లగా. "బండి ఉండనీరా. ఇద్దరికే సోటున్నా, ఇద్దరికీ సరిపోయినాది."

హారన్ మోత సంగతి మేకే తేల్చేసింది కాబట్టి అది వదిలేయండి. ఇక నేను కల్పించింది ఆ వాన ఒక్కటే. వైశాఖంలో రాజాంలో మబ్బు ముక్క కూడా లేదు. ఆ చినుకులు కారు వెనక నిలబడిన తవిటమ్మ పన్నీరు బుడ్డిలోవి. ఆవిడ మాత్రం కావాలనే చల్లింది.