నుస్రెత్ బేరితోట

పొద్దు వాలాక నుస్రెత్ బేరితోట వైపు మా ఊళ్లో ఎవరూ తల తిప్పి చూడరు. బోస్నియా యుద్ధంలో ఆ తోట నిండా మందుపాతరలు పాతారు. ఆ ఏడే కాయలు కోసుకొస్తానని వెళ్లిన నుస్రెత్ మరి రాలేదు. శవం తేవడానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు. చుట్టూ పుర్రె బొమ్మల బోర్డులు, ఎవరూ దాటకుండా కట్టిన ఎర్ర పట్టీ... లోపల మాత్రం చీకట్లో ఎవరో కొమ్మలు ఊపుతారు, కాయలు నములుతారు.

నుస్రెతే వస్తున్నాడంటారు.

అతని పెళ్లాం మెవ్లిదాను తర్వాత మా ఊరి షెఫిక్ చేసుకున్నాడు. నుస్రెత్ పేరెత్తితేనే కుళ్లుకునేవాడు. చచ్చినవాడి మీద ఆ కుళ్లేమిటని ఊరంతా నవ్వింది. ఏం చేస్తాడు పాపం! ఆమె రోజూ సాయంత్రం కాఫీ కాచి, రెండు కప్పులు పట్టుకుని ఆ పట్టీ దాకా వెళ్లేది. షెఫిక్‌కి అడిగితే తప్ప కాఫీ లేదు. ఒళ్లు మండిపోయేది.

ఓ సాయంత్రం చాటుగా వెనకే వెళ్లాడు. మెవ్లిదా ఒక కప్పు తాగి, రెండోది పట్టీ అవతల నేల మీద వంపింది. ఏదో గుసగుసలాడింది... నవ్వింది కూడా. ఆ నవ్వు తన ఇంట్లో అతనెన్నడూ వినలేదు.

అప్పుడే చెట్ల మధ్య పెద్ద ఆకారం ఒకటి రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. కొమ్మ వంచింది.

దెయ్యమూ లేదు, పాడూ లేదు — వాడు బతికే ఉన్నాడు!

షెఫిక్‌కి మందుపాతరలు గుర్తు రాలేదు. పట్టీ దాటి ఉరికాడు. ఆకారం ఇటు తిరిగింది...

ఎలుగుబంటి. యుద్ధంలో ఈ కొండలొదిలి పోయిన జాతి, మనిషి అడుగుపెట్టని చోటు చూసుకుని తిరిగొచ్చింది.

"కదలకు," వెనక నుంచి మెవ్లిదా మెల్లగా అంది. "అదే పోతుంది. ఆ తర్వాత నీ అడుగుల్లోనే అడుగేసి వెనక్కి రా."

ఎలుగు కాసేపు చూసి పక్కకి తిరిగి పోయింది. షెఫిక్ నలిగిన గడ్డి వెతుక్కుంటూ, చెమటలు కక్కుతూ ఎలాగో ఇవతల పడ్డాడు. మెవ్లిదా అతని ఒళ్లంతా తడిమి చూసుకుంది.

"ఎలుగని నీకు తెలుసా?"

"తెలుసు. చెబితే వేటగాళ్లొస్తారు."

"మరి కబుర్లన్నీ..."

"నుస్రెత్‌తోనే." షెఫిక్ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆమె తోట వైపు తిరిగింది. "చూశావా, నుస్రెత్? నువ్వు కాయల కోసం వెళ్లావు. ఇతను నా కోసం వచ్చాడు."

ఎలుగు అప్పటికే అవతలి గట్టెక్కి పోతూ కనిపిస్తోంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

తోటలో ఉన్న కాయలన్నీ ఒక్కసారిగా దబదబా రాలిపోయాయి.