చలి పడని సీసా

1998 నవంబరు 14. ఆస్ట్రేలియాలో, రెడ్‌క్లిఫ్ తీరంలో డార్సీ క్విల్టీ, అతని భార్య నోరీన్ ఉడికించిన రొయ్యలు ఒలుచుకుని, వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని తిన్నారు. వేళ్ళు తుడుచుకుంటూ నోరీన్ పిక్క చూపించింది.

"ఈ పుట్టుమచ్చ మరీ నల్లబడలేదూ?"

మర్నాడే కోయించారు. అప్పటికే కొన్ని క్యాన్సర్ కణాలు ఇల్లొదిలి వెళ్ళిపోయాయి.

డార్సీ గూఢచారి. డాక్టరు చెబుతుంటే అతనికి తన వృత్తే వినిపించింది. చర్మంలో పుట్టిన కణం, లోపల ఒక జన్యువు మేల్కోగానే పక్కవాళ్ళ చెయ్యి వదిలేస్తుంది. వేషం మారుస్తుంది. రక్తంలో పడి కాలేయం చేరి, అక్కడ ఉలుకూ పలుకూ లేకుండా కాచుకుంటుంది. రొయ్యల వాసన వేస్తే ఇప్పటికీ అతను తల తిప్పుకుంటాడు.

నోరీన్ పోయిన ఇన్నేళ్ళ తరవాత, జనవరి ఉక్కలో, బ్రిస్బేన్ ఆఫీసుకి చీఫ్ బెవ్ హాలరన్ పిలిపించింది.

"కూచో డార్సీ. నోరీన్ కణాలు దొంగతనం అయ్యాయి."

నోరీన్ ఒంట్లోంచి తీసిన ఆ కణాలు ఊళ్ళోని ఒక ల్యాబులో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. ఆ జన్యువుని ఆపేస్తే అవి ఎటూ పాకలేదు. వేరే ఏ రోగి కణాల్లోనూ అది కుదరలేదు. మందంటూ వస్తే వాటినుంచే రావాలి.

"ఆ ల్యాబు డాక్టర్ ఇలోనా వెరెష్ పని. మన ఏజెంటే, విదేశీ ముఠాకీ ఏజెంటే. ఫ్రీజర్లో నిల్వంతా కరిగించి పాడుచేసి, ఒక్క సీసాతో మాయమైంది. అది దేశం దాటితే మందు వాళ్ళ గుప్పిట్లో ఉంటుంది. ఆపరేషన్ పేరు ల్యామింగ్టన్."

"కేకు పేరా? పెట్టినవాడికి ఆకలేసిందా?"

"నేనే పెట్టాను. నోరు మూసుకుని విను. ఎయిర్‌పోర్టులో ప్రతి ఐస్‌పెట్టెనీ స్కాన్ చేస్తున్నాం. ఇదిగో, చల్లదనాన్ని పసిగట్టే కళ్ళజోడు."

డార్సీ దాన్ని ముట్టుకోలేదు. ఏటా నోరీన్ పుట్టినరోజున ఇలోనా అతన్ని ల్యాబుకి రానిచ్చేది. పక్క భవనంలోంచి సీసాని జాకెట్టులో దాచి తెచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టేది. "బతికున్న కణాలకి చలి పడదు డార్సీ. ఒంటి వెచ్చదనం చాలు," అనేది. తరవాత అతన్ని ఒంటరిగా వదిలి బయట నిలబడేది.

"కళ్ళజోడు నువ్వే పెట్టుకో బెవ్. నాకు వెయిటర్ యూనిఫాం, ఒక మీసం కావాలి."

ఎయిర్‌పోర్టు బార్లో అందరూ నిక్కర్లలో ఉన్నారు. ఏసీకి దూరంగా, మూలన, ఎర్రజుట్టు అందగత్తె ఒకామె మెడదాకా గుండీలు పెట్టిన ఉన్ని స్వెట్టర్లో కూచుంది. డార్సీ వైన్‌తో పాటు ఐసు గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"ఐసు వద్దు."

"స్వెట్టర్ తీసెయ్యండి అమ్మాయిగారూ, ఉడికిపోతారు."

"జలుబు."

"మా నోరీన్‌కీ అంతే. చలి పడదు."

ఇలోనా తలెత్తింది. విమానానికి చివరి పిలుపు వినిపించింది. ఆమె స్వెట్టర్లోంచి సీసా లాగి, మూత తిప్పి, ఐసు మీద వంచబోయింది.

"దగ్గరికి రాకు. మాకు దక్కకపోతే ఎవరికీ దక్కకూడదు. ఆర్డరు."

"సరే. ఏటా నాకు మైక్రోస్కోపు చూపించమని ఎవరిచ్చారు ఆర్డరు?"

ఆమె వేళ్ళు ఆగాయి. ఒక చుక్క ఐసు మీద పడింది. రెండోది పడేలోగా డార్సీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు," అంది ఇలోనా, బేడీలు పడుతుంటే.

కారు బెవ్ నడిపింది. సీసా డార్సీ చొక్కాలో, గుండెకి ఆనుకుని ఉంది.

"ఏసీ వెయ్యనా?"

"వద్దు."

"చచ్చిపోతున్నా ఉక్కకి!"

"నీకు చలి పడదనుకో."

ల్యాబు చేరేసరికి పొద్దు వాలింది. దీపం వెలుగుతున్న ఇంక్యుబేటర్లో అతను సీసాని పడకుండా నిలబెట్టాడు.

"నోరీన్‌ని మింగినవి అవే కదయ్యా," అంది బెవ్ మెల్లగా. "పసిపిల్లల్లా మోసుకొచ్చావ్."

"తిరుగుళ్ళు మానేశాయిగా బెవ్. మనకంటే ముందే రిటైరయ్యాయి."

చప్పుడు కాకుండా ఇంక్యుబేటర్ తలుపు మూశాడు.