ఆగని చెయ్యి

"ఈస్టర్ విందు ముగిసేలోపు డ్యూక్‌ని చంపుతారు," అన్నాడు ఆన్స్‌గోట్. నార్మండీ డ్యూక్ టురోల్డ్ వేగులందరికీ పెద్ద ఆ ముసలాయన.

"ఎవరయ్యా?" అన్నాడు అతని కింద పనిచేసే వేగు సెర్లో.

"మన పగవాళ్లు, పక్క సీమ ఆంజూ వాళ్ల మనిషి. విషం పెడతాడట. మొహం తెలీదు. కబురు తెచ్చింది నీ ఎమ్మెలీనే."

"విందు ఆపించండి."

"దొర వింటేగా. 'నా బల్ల ముందు నుంచి నేనే లేచిపోతే, రేపు ఈ సామంత బారన్లు నన్ను కోటలోంచే లేపుతారు' అన్నాడు. ఇదుంచుకో. విషం దగ్గరికొస్తే చెమరుస్తుందట." పాము కొమ్ము పిడి ఉన్న చాకొకటి సెర్లో చేతిలో పెట్టాడు.

"నా చేతిలో ఏదైనా చెమరుస్తుందయ్యా."

"అందుకేరా నిన్ను నమ్మేది. పో."

సెర్లో వడ్డనవాడి వేషంలో ఫెకాంప్ కోట హాల్లోకి వెళ్లాడు. బల్ల మధ్యలో డ్యూక్ కూర్చుని ఉన్నాడు. ఏడేళ్ల వయసులోనే గద్దెనెక్కాడతను. అప్పట్లో శత్రువులు కాపలావాళ్లని పడకల మీదే పొడిచేస్తుంటే, ఆ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని అడవిలోకి పరుగెత్తింది సెర్లోనే. తరవాత ఆ పిల్లవాడు తిరగబడ్డ కోటలు తగలబెట్టాడు, ద్రోహుల చేతులు నరికించాడు, దారుల్లో దొంగల భయం లేకుండా చేశాడు. సెర్లో పేరు మాత్రం ఏనాడూ అడగలేదు.

డ్యూక్ పక్కన ద్రాక్షసారా కూజాతో ఎమ్మెలీన్ నిలబడింది. కబురు తెచ్చిందని నమ్మి ఆ చోటు ఆమెకే ఇచ్చారు. నార్మండీలోనే, బేయూలో పుట్టిన అనాథనని చెప్పుకుంది. ఆంజూ ముఠాలో చేరి వాళ్ల రహస్యాలు తెచ్చే డబుల్ ఏజెంట్. పోయిన చలికాలమంతా సెర్లో పక్కలో పడుకుంది.

"నువ్వు వంటింటి మీద కన్నేసి ఉంచు. ఇక్కడ నేను చూసుకుంటా," అంది పెదవి కదలకుండా. "మొహం అలా పెట్టకు. చేపకే భయమేస్తుంది."

చేప వచ్చింది. కోడి వచ్చింది. ప్రతి పళ్లెం దగ్గరా పిడి చెమర్చింది. ఎవరిని పట్టుకోవాలి? అందరివీ తెలిసిన మొహాలే. ఆ చిన్నవాడి బరువు మళ్లీ భుజం మీదకొచ్చింది. ఈసారి పారిపోవడానికి అడవి లేదు.

ఒక్క దారి ఉంది. మొదటి పళ్లెం అప్పుడే తట్టింది. అయినా నోరు తెరవలేదు. ఎందుకు తెరవడం లేదో తనని తాను అడగలేదు.

డ్యూక్ ఖాళీ గిన్నె చాచాడు. సెర్లో మోకాళ్ల మీద పడ్డాడు.

"హారో! హారో! హారో! నా దొరా, నాకు అన్యాయం జరుగుతోంది."

ఆ కేక వింటే నార్మండీలో పుట్టినవాళ్లెవరైనా చేతిలో పని అక్కడే ఆపేయాలి, డ్యూక్ విచారించేదాకా. తల్లిపాలతో అబ్బే అలవాటది. కత్తి మాంసంలోనే ఆగింది. నమలడం ఆగింది. డ్యూక్ చెయ్యి కూడా గాలిలో ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఒక్క చప్పుడు. గిన్నెలోకి సారా పడుతున్న చప్పుడు.

ఎమ్మెలీన్ తలెత్తింది. చుట్టూ చూసి కూజా నిలిపింది. అప్పటికే ఆలస్యమైంది.

"ఏ ఊరు నీది?" అన్నాడు డ్యూక్ మెల్లగా.

"బేయూ, దొరా."

"అయితే ఇది తాగు."

ఆమె తాగలేదు. భటులు చేతులు పట్టుకున్నారు.

డ్యూక్ సెర్లో వైపు తిరిగాడు. "అన్యాయం నీకన్నావు. విషం నాకు పోశారు. నీకేం జరిగింది?"

సెర్లో ఎమ్మెలీన్ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"దొంగ హారోకి చెరసాల. నా ప్రాణం కాపాడావని చట్టం వంచితే, రేపు ప్రతి బారనూ వంచుతాడు," అన్నాడు డ్యూక్. క్షణమాగి, "నీ పేరేంటి?" అన్నాడు.

ఆ రాత్రి చెరసాల కొట్లో గోడకి అవతలి నుంచి ఎమ్మెలీన్ గొంతు వినిపించింది.

"ఓయ్. ఏంటా కేక?"

సెర్లో చెప్పాడు.

"చలికాలమంతా నా పక్కనే ఉన్నావు కదా. ఒక్కసారైనా అరవలేదేం?" అంది.

"అప్పటికి నాకెవరూ అన్యాయం చెయ్యలేదు," అన్నాడు సెర్లో.