పద్నాలుగేళ్ల తూటాలు

బీరువా తాళం చెక్కుచెదరలేదు.

తలుపు బందులే ఊడదీసి ఉన్నాయి!

మెంజా మోకాళ్ల మీద కూలబడుతుంది. చర్చిలో ఆదివారం పూజ ముగించుకొని ఇల్లు చేరి పది నిమిషాలైనా కాలేదు. తలకు చుట్టిన నల్లశాలువా ఇంకా విప్పనేలేదు. దుప్పట్ల మడతల వెనుక చెయ్యి దూర్చి తడుముతుంది...

చెక్కపెట్టె ఉంది. మూత తెరిచి ఉంది. లోపల తేమ పీల్చే గింజల పొట్లాలు మాత్రమే ఉన్నాయి.

డబ్బా లేదు.

నేల మీద సన్నని రేకుముక్క, చేపలడబ్బా మూతలా చుట్టలు చుట్టుకొని పడి ఉంది. దాని మీది సైన్యపు ముద్ర రెండుగా చీలిపోయింది.

ఇరవై నాలుగు తూటాలు!

తలెత్తి గోడవైపు చూస్తుంది. చనిపోయిన భర్త జోన్ తుపాకీని మోసే కొక్కేలు రెండూ ఖాళీ.

ఈ పని చేయగలవాడు ఒక్కడే... కన్నకొడుకు కుర్దిన్. తాగి పై అధికారి మీద చెయ్యి చేసుకున్నందుకు వాడి సొంత తుపాకీనీ తూటాలనూ సైన్యం రెండేళ్ల కిందటే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు తండ్రివి పట్టుకుపోయాడు.

ఎక్కడికో ఆమెకు తెలుసు.

వాడి దెబ్బలకు తాళలేక కోడలు లదీనా ఐదు రోజులుగా కొండమీది పాలకొట్టంలో తలదాచుకుంటోంది. చలికాలానికి ఆవులు కిందికి దిగాక ఆ వైపు పిట్ట కూడా పోదు. రోజూ బార్లీ జావ మోసుకుపోయే మెంజాకు తప్ప ఆ సంగతి మరొకరికి తెలియదు.

కానీ నిన్న తొలిమంచు పడింది. ఇవాళ పూజకు ముందే ఆమె పైకి వెళ్లివచ్చింది. ఇంటి గుమ్మం నుంచి కొట్టం గుమ్మం దాకా ఆమె అడుగులు మంచు మీద అచ్చుగుద్దినట్టు...

దారి చూపింది తానే!

*

లురేన్ భోజనపు బల్ల ముందున్నాడు. జోన్‌కు పినతండ్రి కొడుకు. ఊళ్లో సైనికుల చిట్టా రాసేది అతనే.

"జీపు తియ్యి."

"ముద్ద నోట్లో ఉంది వదినా..."

"కుర్దిన్ తుపాకీతో కొండెక్కాడు."

ముద్ద పళ్లెంలో పడుతుంది.

జీపు మలుపుల మీద జారుతూ ఎగబాకుతోంది. లురేన్ ధైర్యం చెప్పబోతాడు. "ఖాళీ తుపాకీ అది. మహా అయితే కర్రలా తిప్పుతాడు."

"ఖాళీ కాదు. మీ అన్నయ్య డబ్బా కూడా పట్టుకెళ్లాడు."

బండి కీచుమని ఆగుతుంది.

"ఏ డబ్బా? అది అప్పుడే అప్పజెప్పానన్నావుగా. నీ మాట మీద నేను సంతకం కూడా పెట్టాను."

"అబద్ధం చెప్పాను."

"గుడిలో ముందు బెంచీలో కూర్చునేదానివి వదినా నువ్వు!"

"తరవాత తిట్టు. ముందు పోనియ్యి."

ఆ లోయలో సైనికుడున్న ప్రతి ఇంటా అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. యుద్ధం వస్తే తప్ప ముద్ర విప్పకూడదు. మనిషి పోతే తుపాకీని ఇంట్లో ఉంచుకోవచ్చు, డబ్బా మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చానని విధవరాలు చెబితే, ఆమె పెట్టె మూత ఎత్తి చూసే మర్యాదలేని మనిషి ఆ లోయలో పుట్టలేదు.

అక్కడే వచ్చింది చిక్కు.

"ఎందుకు దాచావసలు?"

"భద్రంగా చూసుకో అన్నాడు. దుంగ కింద పడి చచ్చిపోయాడు. ఇంకేం చెప్పలేదు."

లురేన్ నిట్టూర్చి మళ్లీ బండి కదిలిస్తాడు. "పోనీలే. పద్నాలుగేళ్లు. చిలుము పట్టి ఉంటాయి. పేలవు."

"చిలుమా? నేల తడి తగలనియ్యలేదు. పొయ్యి సెగ తగలనియ్యలేదు. ఏటా సమాధుల పండగనాడు పొట్లాలు మార్చాను."

లురేన్ బండిని రెండు మలుపులు దాటిస్తాడు.

"నా పెళ్లాం నన్ను అందులో సగం శ్రద్ధగా చూసినా ఇంకా పెళ్లికొడుకులా ఉండేవాణ్ణి," అంటాడు చివరికి. ఇద్దరిలో ఎవరూ నవ్వరు.

జీపు చక్రం మంచులో దిగబడుతుంది. లురేన్ మోకాలు ఎక్కనివ్వదు. పోలీసుకు ఫోను చేయడానికి అతడు కుంటుతూ కిందికి.

మెంజా పైకి.

పరుగు... ఆయాసం... పరుగు. ఆమె ఉదయపు అడుగుల్లో వాడి బూటు గుర్తులు. ప్రతి అడుగులోనూ!

*

కొట్టం తలుపు బార్లా తెరిచి ఉంది.

లదీనా జున్ను అరలకు వీపు ఆనించి నిలబడింది. ఎడమకన్ను చుట్టూ కమిలిన మచ్చ. తుపాకీ గొట్టం ఆమె నొసటికి మూరెడు దూరంలో.

కుర్దిన్ నవ్వుతున్నాడు.

"సమయానికొచ్చావమ్మా. రా, వేడుక చూడు."

"దించు నాయనా."

"కంగారు పడకు. నాన్న తూటాలివి, ఎప్పుడో చచ్చాయి. టిక్కుమంటుంది, ఇది ఏడుస్తుంది, బుద్ధిగా ఇంటికొస్తుంది. అంతే."

వేలు మీట మీద ఉంది.

మెంజాకు అర్థమవుతుంది. చంపే ఉద్దేశం వాడికి లేదు. కనుకనే వేలు తడబడదు!

"అవి చావలేదు కుర్దిన్."

"నా దగ్గరా? ఆ డబ్బాను నేలమాళిగలో, నీళ్లు కారే గోడవార చూశాను చిన్నప్పుడు."

"ఆ ఏడే పైకి తెచ్చాను."

"బాగుంది. కోడలి కోసం కొడుక్కి కట్టుకథలా."

మాటలకు ఇక వేళ లేదు. ఆమె నాలుగడుగులు నడుస్తుంది. గొట్టం చివర పట్టుకొని తన రొమ్ము ఎముకకు ఆనించుకుంటుంది.

"చచ్చినవేగా. నా మీద నొక్కు."

"తప్పుకోమ్మా."

"ఎందుకు? టిక్కుమంటుంది. అంతేగా?"

వాడి చూపు ఆమె కళ్లలో వెదుకుతుంది. ఆ కళ్లు తనతో ఏనాడూ అబద్ధమాడలేదు. నుదుట చెమట పొడుస్తుంది. ఒక ఊపిరి... రెండు...

వేలు మీటను వదులుతుంది.

తుపాకీని బల్ల మీద పడేసి కుర్దిన్ నేల మీద చతికిలబడతాడు. ముఖం పాలిపోయింది. "నొక్కేసేవాణ్ణమ్మా... నిజంగా నొక్కేసేవాణ్ణి."

మెంజా వాడి తల పొట్టకు హత్తుకుంటుంది. పెదవుల మీద ప్రార్థన కదులుతుంది. బిడ్డ చేతికి నెత్తురంటలేదు. కోడలు బతికింది. ప్రభువుకు స్తోత్రం...

వెనుక ఇనుము బల్లను రాసుకున్న చప్పుడు.

తిరిగి చూస్తుంది.

తుపాకీ లదీనా భుజానికి ఎక్కి ఉంది. గొట్టం కుర్దిన్ మీద నిలిచి ఉంది.

"దించు తల్లీ," మెంజా చెయ్యి చాస్తుంది. "అవి నిజంగా పేలతాయి."

"తెలుసు అత్తయ్యా," అంటుంది లదీనా నెమ్మదిగా. "మీ చేతిలో పెట్టింది చెడిపోవడం నేనెప్పుడూ చూడలేదు."

ఢాం!