ఎడమ అంచు పైకి

“నీకు వేరే ఏర్పాటు చేయించాను చిజురూ! కింద అంతస్తులో చిన్న స్నానాలగది ఒకటుంది. లోపల గడియ పెట్టుకుని హాయిగా ఒక్కదానివే కూర్చోవచ్చు. ఎవరూ చూడరు!”

ఆడపడుచు మోతొకొ ఎంత తియ్యగా చెప్పిందో ఆ మాట! చాప మీద కూర్చుని అత్తగారి సంచిలోంచి బట్టలు తీస్తున్న చిజురు చేతులు అలాగే ఆగిపోయాయి. ఎవరూ చూడరు... అంటే, ఎవరైనా చూస్తే ఏమవుతుంది? ఆమె భర్త కెన్సాకు వైపు చూసింది. ఆ మహానుభావుడు కిటికీ పక్కన చేరి, కింద పారే వాగుని జన్మలో మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు.

“ఏమండీ, మీకు ముందే తెలుసా ఈ సంగతి?”

“అక్క నీ మంచికే చెప్పింది కదా...” అని గొణిగి, గబగబా వచ్చి అందరి కప్పుల్లోనూ టీ పోయడం మొదలుపెట్టాడు. వద్దన్నవాళ్ళకి కూడా పోశాడు.

ఏటా కొండమీద ఆకులు ఎర్రబడే రోజుల్లో ఆ కుటుంబమంతా సెండాయ్ నుంచి యునొసావాలోని ఈ పాత విడిదికి వస్తుంది. పెళ్ళయిన మొదటి ఏడు నుంచీ, ఆడవాళ్ళంతా బట్టలు విప్పి కలిసి స్నానం చేసే పెద్ద వేడినీళ్ళ గుండం దగ్గర అత్తగారు ఫుమియె వీపు రుద్దడం చిజురు పని. పని అంటే ఆమె ఒప్పుకోదు, అది ఆమె హక్కు! పొట్టి చెక్కపీట మీద అత్తగారు కూర్చుంటే, వెనకాల తను మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేది. పక్కనున్న ఆడవాళ్ళు చూసి ముచ్చటపడితే, “మా కోడలి చెయ్యి పడితేగాని నాకు స్నానం చేసినట్టే ఉండదు!” అని ఫుమియె గొప్పగా చెప్పుకునేది. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న చిజురుకి ఆ ఒక్క మాట చాలు, ఏడాదంతా బతికెయ్యడానికి. ఈ ఏడు వసంతంలో ఆమెకి జబ్బు బయటపడింది. ప్రాణం దక్కాలంటే ఎడమ రొమ్ము తీసెయ్యాలన్నారు, తీసేశారు. మొన్న డాక్టరు నవ్వుతూ, “ఇక బెంగలేదు, వేడినీళ్ళ స్నానాలకి కూడా వెళ్ళొచ్చు” అన్నప్పుడు ఆమెకి ముందుగా గుర్తొచ్చింది ఈ గుండమే, ఈ చెక్కపీటే! పైగా ఇది అత్తగారికి డెబ్బై ఏడో ఏడు, వాళ్ళలో ఊదారంగు తొడిగి పండగ చేసే వయసు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర తొడగాలని ఊదారంగు పట్టుకోటు తనే కుట్టి తెచ్చింది.

“అత్తయ్యా, మీరు చెప్పండి. ఈసారి మీ వీపు ఎవరు రుద్దుతారు?”

ఫుమియె కప్పులోంచి తలెత్తలేదు. “మోతొకొ ఉందిగా... నలుగురూ వచ్చే చోటు. నువ్వలా వస్తే... నాకే ఎలాగో ఉంటుందమ్మా...”

అంతే! ఇద్దరూ తువ్వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు.

చిజురు పక్కగదిలోకి వెళ్ళి తలుపు జరిపేసి కుమిలి కుమిలి ఏడ్చింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అత్తగారు చూడటానికి వచ్చింది ఒకే ఒక్కసారి. అదీ గది గుమ్మం దాకా! లోపలికి అడుగు పెట్టలేదు. పళ్ళబుట్ట నర్సు చేతికిచ్చి, మంచం వైపు ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగింది. పెద్దావిడ, ఆస్పత్రి వాసన పడదేమో అని తనే సర్దిచెప్పుకుంది. ఇప్పుడు తెలిసింది! ఆ రోజే అత్తగారికి తనంటే అసహ్యం పుట్టింది! మచ్చ పడిన గిన్నెని అటక మీద పెట్టేసినట్టు, ఇక ఈ ఇంట్లో తనని దాచేస్తారు. ఇవాళ స్నానం దగ్గర, రేపు పెళ్ళిపేరంటాల దగ్గర... ఒక్కసారి ఆ చిన్న గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటే, జన్మంతా ఆ గడియ తియ్యలేదు! ఏడ్చి ఏడ్చి చివరికి చిజురుకి తన ఏడుపు మీదే మండుకొచ్చింది. లేచి ముఖం తుడుచుకుంది. విడిదివాళ్ళు మడతపెట్టి ఉంచిన యుకాతా, ముందు అంచు మీద అంచు వేసి కట్టుకునే నూలు అంగీ, అందుకుంది. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు, భుజం దగ్గర పీకుతుంది. కళ్ళనిండా నీళ్ళు. ఎలాగో చుట్టుకుని, నడికట్టు బిగించి బయటికొచ్చింది.

“ఎక్కడికి?” అన్నాడు కెన్సాకు టీకుండ పట్టుకునే.

“స్నానానికి.”

“చిన్న గదికేగా?”

జవాబుగా తలుపు ధడాలున మూసుకుంది.

ఎర్ర తెర వేలాడే ఆడవాళ్ళ గుమ్మం ముందు విడిది యజమానురాలితో మాట్లాడుతూ అత్తగారూ ఆడపడుచూ ఇంకా బయటే ఉన్నారు. అడుగుల చప్పుడుకి ఫుమియె తల తిప్పింది. చూసింది. చేతిలో తువ్వాలు జారి కిందపడింది!

“అయ్యో! ఏమిటే ఆ కట్టు! కుడి అంచు పైకి వచ్చిందే! పోయినవాళ్ళకి కట్టినట్టు కట్టుకున్నావేమిటే!”

చిజురు కిందికి చూసుకుంది. నిజమే! పీకే భుజాన్ని ముందు కప్పుకోవాలన్న తొందరలో ఎడమ అంచు లోపలికి వేసి, కుడి అంచు దాని మీదికి లాగేసింది. పసిపిల్లకి కూడా మొదట నేర్పేది అదే కదా... బతికున్నవాళ్ళకి ఎడమ అంచు పైకి, పాడె ఎక్కేవాళ్ళకే కుడి అంచు పైకి! యజమానురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఛీ ఛీ, అమ్మకి పండగనాడు ఇదేం అపశకునం! ముందు గదిలోకెళ్ళి సరిచేసుకో!” అని మోతొకొ కసిరింది.

చిజురు చేతులు నడికట్టు మీదికి వెళ్ళాయి. వెళ్ళి, ఆగిపోయాయి. ఆమె గడ్డం పైకెత్తింది.

“ఎందుకు సరిచేసుకోవాలి వదినగారూ? పొరపాటున కట్టుకున్నా సరిగ్గానే కట్టుకున్నాను! మీరంతా కలిసి నన్ను గదిలో పెట్టి గడియ వేద్దామనుకున్నారు. ఎవరికీ కనపడకుండా దాచేది ఎవర్ని? పోయినవాళ్ళనే కదా! అత్తయ్యా, మీరే తేల్చండి. నేను బతికున్న మనిషినైతే ఈ తెర దాటి మీతో లోపలికి వస్తాను. కాదంటారా... ఇదే కట్టుతో రాత్రి భోజనాలకి వచ్చి అందరి మధ్యా కూర్చుంటాను. మీ కోటు కూడా ఈ కట్టుతోనే తొడుగుతాను!”

“నోరు చూడు ఎంత లేస్తోందో!” అంది మోతొకొ.

“నువ్వు నోర్ముయ్యి!” అంది ఫుమియె.

అన్నది కోడల్ని కాదు, కూతుర్ని! ముసలావిడ ముందుకొచ్చింది. వంకర్లుపోయిన వేళ్ళతో కోడలి నడికట్టు విప్పింది. రెండు అంచులూ విడిపోయాయి. ఎడమవైపు చదునుగా, అడ్డంగా, ఇంకా ఎర్రదనం పోని ఆ గీత... ఆస్పత్రి గుమ్మం దగ్గర నుంచి పారిపోయిన కళ్ళు ఇప్పుడు పారిపోలేదు. కుడి అంచు లోపలికి మడిచింది. ఎడమ అంచుని ఆ గీత మీదుగా మెల్లగా తెచ్చి, పైకి వేసి, అరచేత్తో అదిమింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“మా అక్కకి కూడా ఇదే జబ్బు... ఇదే వైపు. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆఖరున కుడి అంచు పైకి వేసి కట్టింది నేనే... ఈ చేతులే! ఆస్పత్రిలో నిన్ను ఆ మంచం మీద చూడగానే మా అక్కే పడుకున్నట్టనిపించింది. కాళ్ళు లోపలికి పోలేదే తల్లీ! ఇవాళ కూడా... నీ ఒంటిమీద అది చూడాలంటే నాకే భయం. జనం చూస్తారన్నది వట్టి సాకు!” ఫుమియె బోరుమంది.

చిజురు కళ్ళు కూడా చెమర్చాయి. కానీ కరిగి కాళ్ళమీద పడిపోలేదు. “మీ భయానికి శిక్ష నాకు వేశారు అత్తయ్యా! నేను ఒంటరిగా పడుకుని గుమ్మం వైపే చూసేదాన్ని. అది నేను మర్చిపోను.”

“మర్చిపోకు!” అంటూ ఫుమియె నడికట్టు గట్టిగా ముడివేసింది. “నాలుగు రోజులకోసారి నన్ను తిట్టు. ఇప్పుడు మాత్రం పద. నీళ్ళు వేడిగా ఉంటాయి.”

లోపల గంధకం వాసన, పొగలు. తోముకుంటున్న ఆడవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. చిజురు బట్టలు బుట్టలో పెట్టి, చిన్న తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుంది. రొమ్ముకి అడ్డం పెట్టుకోలేదు. మోతొకొ పెద్ద తువ్వాలు చాచి కప్పబోతే పక్కకి తప్పుకుంది. గుండం అంచున కూర్చున్న లావుపాటావిడ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

“బాగా చూడమ్మా!” అంది ఫుమియె, గది మారుమోగేట్టు. “మా కోడలు! చావుని తరిమికొట్టి వచ్చింది. ఆ దెబ్బ తాలూకు గుర్తు అది. నీ ఒంటిమీద ఉందా అలాంటిది?”

లావుపాటావిడ తడబడి తల వంచి నమస్కారం చేసింది. “మా చెల్లెలికీ ఇలాగే తీసేశారు, ఇంట్లోంచి బయటికి రావడం మానేసిందమ్మా...” అంది మెల్లగా. చిజురు ఆమెని చూసి, “వచ్చే ఏడు లాక్కురండి!” అంది.

తర్వాత చెక్కపీట లాగి, అత్తగారి కోసం వేసింది. ఫుమియె కూర్చోలేదు. కోడలి భుజం పట్టి ఆ పీట మీద తనే కూర్చోబెట్టింది.

“అత్తయ్యా, అదేమిటి! మీరు నాకు...”

“మాట్లాడకు. తిరుగు.”

ఆ ఇంట్లో ఏ అత్తగారూ ఏ కోడలి వీపూ రుద్దిన పాపాన పోలేదు! ముసలి మోకాళ్ళు తడి రాతిమీద ఆనించి, సబ్బు గుడ్డతో ఫుమియె రుద్దుతోంటే చిజురు రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈ ఏడుపు మీద మాత్రం ఆమెకి కోపం రాలేదు. “ఎడమ చెయ్యి ఎత్తు” అంది అత్తగారు. అది సగం దాకే లేచింది. మిగతా సగం అత్తగారే ఎత్తి పట్టుకుంది.

మోతొకొ ఛాతీకి తువ్వాలు అదుముకుని ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. “మరి... కింద ఆ చిన్న గది మన కోసమని చెప్పి ఉంచాను కదా. వాళ్ళేమనుకుంటారు?”

చిజురు చెంబుతో నీళ్ళు పోసుకుని లేచింది. ఈసారి నవ్వింది.

“మీరు వెళ్ళండి వదినగారూ! లోపల గడియ పెట్టుకుని హాయిగా ఒక్కరే కూర్చోవచ్చు. ఎవరూ చూడరు!”

అని, అత్తగారి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.