జడ ముడేసుకున్నావా?

"అవసరమైతే నీ చెల్లెల్ని కాల్చేయాలి. నీ వల్ల అవుతుందా?"

చీఫ్‌కి నాన్చడం తెలీదు. బల్ల మీద రెండు ఫొటోలు పడేశాడు. ఒకదాంట్లో, నీళ్ళ అడుగున మనిషిని లాక్కెళ్ళే ఎలక్ట్రిక్ స్కూటర్. రెండోదాంట్లో నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, నడుం దాటిన జడ. ఏడాది క్రితం ఇదే డిపార్ట్‌మెంట్ నుంచి శత్రు ముఠాలోకి దూకేసిన ఏజెంట్. మెకానిక్‌కి స్వయానా చెల్లెలు.

మెకానిక్ అన్నది అతని కోడ్ నేమ్.

"రేపు పదకొండు గంటలకి రేవులో ప్రయాణికుల ఓడ ఉంటుంది. తొమ్మిది వందల మంది. స్కూటర్‌కి బాంబు తగిలించి దాని కిందకి పంపుతున్నారు. నడిపేది నీ చెల్లెలే. మోటార్ మొరాయిస్తోందట, రిపేరు చేసేవాడి కోసం చూస్తున్నారు. వెళ్ళు. మోటార్ బయల్దేరాలి, ఓడని చేరకూడదు. అసలు బయల్దేరకపోతే వాళ్ళు ఇంకో దారి వెతుక్కుంటారు."

"కోడ్?"

"'ఉప్పు నీళ్ళా, మంచి నీళ్ళా?' అంటారు. 'ఎందులో తిరిగినా మంచినీళ్ళతో కడగాల్సిందే' అను."

మర్నాడు తొమ్మిదిన్నరకి మెకానిక్ పెట్టుడు గడ్డంతో వాటర్ స్పోర్ట్స్ క్లబ్ షెడ్‌లో ఉన్నాడు. కోడ్ సరిపోయింది. చుట్టూ నలుగురు, నాలుగు తుపాకులు. ముఠా నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అంటున్నారు.

"ఒడ్డున భేషుగ్గా తిరుగుతుంది," అన్నాడు కెప్టెన్. "నీళ్ళలో ఎనిమిదో నిమిషానికి చచ్చూరుకుంటుంది. ఆరబెడితే మళ్ళీ మామూలే. దీనివల్ల ప్రోగ్రాం రెండుసార్లు వాయిదా పడింది."

ప్రొపెల్లర్‌కి నాచు చుట్టుకోలేదు. షాఫ్ట్ సీల్ బాగుంది. కేబుల్ జాయింట్ బాగుంది. మెకానిక్ మోటార్ మూత విప్పాడు. లోపల రబ్బరు ఓ-రింగ్, దాని మీద అడ్డంగా ఒక వెంట్రుక. మూరెడు పొడుగు.

ఫొటోలోని జడ గుర్తొచ్చింది.

నాన్నది మోటార్ల రిపేరు షాపు. చెల్లెలు మూత మీద చెయ్యేస్తే చాలు, "జడ ముడేసుకున్నావా?" అని కేకేసేవాడు. ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక పడితే ఆ సందులోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా దూరతాయి. తేమ తగలగానే మోటార్ కట్. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల పొరపాటున ఇలా చెయ్యదు.

అంటే ఆమె ఎవరి వైపూ దూకలేదు. ఏడాదిగా ఒంటరిగా, రెండుసార్లు ఆ ఓడని కాపాడింది. ఆ ఏడాదంతా అతను ఆమెని నోరారా తిట్టాడు. అమ్మ పోతే కబురైనా పంపనివ్వలేదు. ఇప్పుడు భోరున ఏడవాలని ఉంది, కానీ కెప్టెన్ చూస్తున్నాడు.

కెప్టెన్ ముందు మోటార్ టెస్ట్ నెగ్గాలి, తర్వాత చెల్లెలే ఇంకో వెంట్రుక పెట్టుకుంటుంది. వెంట్రుకని ఎవరి కంటా పడకుండా వేలికి చుట్టుకున్నాడు. గ్రీజు రాసి, మూత బిగించి, వ్యాక్యూమ్ పంప్ పెట్టి గాలి లాగాడు. గేజ్ ముల్లు కదల్లేదు, లీకు లేదన్నమాట. కెప్టెన్ తృప్తిగా తలూపాడు.

అప్పుడే ఆమె వచ్చింది. రబ్బరు సూట్, అదే లిప్‌స్టిక్. జడ లేదు. జుట్టు మగపిల్లాడి క్రాపులా ఉంది.

"మాస్క్ బిగుతుగా ఉండాలని నిన్న కత్తిరించేశారు," అని నవ్వింది. "ముడేసుకోవడానికి ఇప్పుడు నాకు జడే లేదు మెకానిక్ గారూ. అంతా మీరే చూసుకోవాలి."

అతనికి అర్థమైంది. గడ్డం వెనక అన్నని గుర్తుపట్టింది, ఈసారి వెంట్రుక పెట్టాల్సింది అతనే.

"అయ్యో! తేమ పీల్చే పొట్లం మార్చడం మర్చిపోయా," అంటూ మళ్ళీ మూత విప్పాడు. పొట్లం మార్చాడు. ఆమె వెంట్రుకని ఆమె పెట్టిన చోటే పెట్టి బిగించాడు. మోటార్ దారిలో ఆగుతుంది, చెల్లెలు దాన్ని వదిలేసి ఈదుకొచ్చేస్తుంది. చిన్నప్పట్నుంచీ చేపే.

"మళ్ళీ టెస్ట్ చెయ్యవా?" అన్నాడు కెప్టెన్.

"టైమైపోతోంది," అంది ఆమె. "ఈయన చేతిపని మీద నాకు నమ్మకం ఉంది."

కెప్టెన్ ఆమె నడుం బెల్టుని స్కూటర్‌కి తగిలించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నమ్మకం నమ్మకమే, తాళం తాళమే."

మెకానిక్ నోరు తెరవబోయాడు. ఆమె అతని వైపు చూసి, కనీ కనిపించకుండా తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. తాళం సంగతి ముందే తెలుసు.

"వెళ్ళొస్తా," అంది.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు.

పది నలభైకి మోటార్ బయల్దేరింది. బాంబు టైమర్ ఇరవై నిమిషాలు, ఓడకి పన్నెండు నిమిషాల దూరం. కెప్టెన్ చేతిలోని ట్యాబ్ మీద ఎర్ర చుక్క కదులుతూ కదులుతూ, పది నలభై ఎనిమిదికి ఆగిపోయింది.

మెకానిక్ స్పానరుతో కెప్టెన్‌ని పడగొట్టాడు, తాళంచెవి లాక్కున్నాడు, వాచీలోని బటన్ నొక్కాడు. తుపాకులు పేలాయి. డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి దారి చేసేసరికి పది యాభై ఏడు. భుజం నుంచి రక్తం కారుతుండగా బోటెక్కాడు. తాళంచెవిని గుప్పిట్లో బిగించి, చెల్లెల్ని కేకేస్తూనే ఉన్నాడు.

పదకొండు అయింది. ఎదురుగా నీళ్ళు తెల్లగా పైకి లేచాయి.

సాయంత్రం చీఫ్ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. "ఓడకి గీత కూడా పడలేదు," అన్నాడు. "ఆమె ఫైల్లో ద్రోహి అన్న మాట నేనే కొట్టేశా."

మెకానిక్ తన వేలు చూసుకుంటున్నాడు. ఆమెదంటూ మిగిలింది ఆ ఒక్క వెంట్రుక. దాన్నీ తన చేత్తోనే సముద్రంలోకి పంపాడు.

"రిపోర్టులో ఒక గడి ఖాళీగా ఉంది," అని చీఫ్ మెల్లగా కాగితం జరిపాడు. "మోటార్ ఆగిపోవడానికి కారణం."

మెకానిక్ పెన్ను తీసుకుని రాశాడు: "చెల్లెలు జడ ముడేసుకోలేదు."