ముత్తవ్వ ఫోటోకు చూపు

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక, కామారెడ్డి బస్టాండు ఎదుటి హోటల్లో నలుగురు ఫోటోవాళ్లు ఒక బల్ల చుట్టూ చేరేవారు. నలుపు తెలుపు ఫోటోల కాలం అది. మచ్చ తీయాలన్నా, ముడత చెరపాలన్నా సన్న కుంచే దిక్కు. ఎవరు దిద్దిన ఫోటో వాళ్లు తెచ్చి బల్లమీద పెట్టాలి. మిగతావాళ్లు తప్పున్న చోట వేలు పెట్టి చూపించాలి. తెచ్చినవాడు మాత్రం చాయ్ అయిపోయేదాకా నోరు మెదపకూడదు. ఆ కాసేపూ నోరు కట్టుకోవడం కన్నా రంజాన్‌లో రోజా ఉండడం నయమని గౌస్ నవ్వేవాడు.

ఆ వారం ఎల్లారెడ్డి నుంచి ఖయ్యూం ముత్తవ్వ ఫోటో తెచ్చాడు. ముత్తవ్వ బతికుండగా ఫోటో దిగిన మనిషి కాదు. పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీయించాడు భర్త గంగారాం. కళ్లు మూసుకునే ఉన్నాయి. దినాల నాటికి వాటిని తెరిపించి ఇమ్మన్నాడు. "ఒక్కపారి నన్ను చూసినట్టు ఉండాలె భాయ్" అని కళ్లు తుడుచుకున్నాడు.

పోయినవాళ్ల ఫోటోకు కళ్లు వేయడం ఆ పనిలో ఉన్నదే. పాత ఫోటో ఏదైనా ఉంటే దాన్ని చూసి వేస్తారు, లేకపోతే ఊహించి వేస్తారు. ఖయ్యూంకు ఊహ అందలేదు. భార్య బిల్కిస్ పెళ్లినాటి ఫోటో ముందు పెట్టుకుని, పక్కకు చూస్తున్న ఆమె కళ్లనే ముత్తవ్వ ముఖంలోకి దించాడు. బిల్కిస్‌కు చెప్పలేదు. పరాయి మగాడు గడప తొక్కితే లోపలికి వెళ్లిపోయే మనిషి, తన కళ్లు ఇంకొకరి గోడమీద ఉన్నాయంటే ఊరుకుంటుందా?

కళ్లకు ప్రాణం వచ్చిందన్నాడు గౌస్. అందరిలో పెద్దవాడు, మెచ్చుకోవడంలో పిసినారి అయిన స్వామిదాసు కూడా తలూపాడు. తర్వాత ఎడమ కన్నుమీద వేలు పెట్టాడు.

"కండ్లు మంచిగున్నయ్. కాని ఎవ్వర్ని చూస్తలేవు. నల్లగుడ్డు జరంత ఇటు జరుపు, తెల్లచుక్క ఈడ పెట్టు. అప్పుడు ముంగట నిలబడ్డోన్ని చూస్తది."

చాయ్ అయిపోయింది. ఇక ఆ కళ్లు ఎవరివో చెప్పొచ్చు. కానీ స్వామిదాసు నోట మంచి మాట రావడం అదే మొదలు. దాన్ని పలచన చేసుకోబుద్ధి కాక ఖయ్యూం ఫోటో సర్దుకుని లేచాడు.

దుకాణం వెనక గదిలో ఫోటోలు కడిగే మందునీళ్ల పుల్లటి వాసన. మూసిన తలుపు సందులోంచి సన్నటి వెలుగు. చెప్పినట్టే గుడ్డు జరిపి, చుక్క పెట్టాడు. ముత్తవ్వ అతన్ని చూసింది. పని కుదిరిందని సంతోషపడ్డాడు.

ఫోటో గంగారాం ఇంటి గోడకెక్కిన మర్నాడు, పట్టపగలు, బియ్యం చెరుగుతున్న బిల్కిస్ చేతులు ఆగిపోయాయి.

"ముంగట ఎవరు?" అంది మెల్లగా. "ధోతి కట్టుకున్నడు... నన్ను చూసి ఏడుస్తున్నడు. ఊదుపొగ కండ్లల్ల పడుతున్నది."

ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. పొగ లేదు. ఖయ్యూం ఆమె కళ్లముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు.

ఖయ్యూంకు ఏడుపు రావాలి. రాలేదు. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కినట్టు ఒళ్లంతా అయింది. పక్కింటి అన్వరి బేగంను ఆమె దగ్గర కూర్చోబెట్టి, స్వామిదాసు కోసం బస్సెక్కాడు. దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏ ఊరు పోయిందో అతనికి తెలియదు.

స్వామిదాసు అంతా విని కళ్లద్దాలు తీసి పెట్టాడు.

"బతికినోళ్ల కండ్లా? వాటికి చూపు పెట్టొద్దు ఖయ్యూం. నువ్వు చెప్పకపోతివి."

తుడిచేస్తే బాగవుతుందా అని అడిగాడు ఖయ్యూం. తుడిస్తే ఏ కళ్లు పోతాయో తనకు తెలియదన్నాడు స్వామిదాసు. కుంచె పెట్టొద్దు, ముందు ఫోటోను గోడవైపు తిప్పి చూడమన్నాడు. ఖయ్యూం ఈసారీ ఆయన మాటే విన్నాడు.

గంగారాం ఇంటికి వెళ్లి, రంగు ఇంకా ఆరలేదని అబద్ధం చెప్పి ఫోటో ముందు నిలబడ్డాడు. బిల్కిస్ అలిగినప్పుడు చూసే చూపు అది. ఆ చూపును గోడవైపు తిప్పాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. బిల్కిస్ మంచంమీద కూర్చుని ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. అన్వరి బేగం దూరంగా జరిగింది.

"ఇందాక నా ముంగటికి వచ్చిన్రు గదా" అంది బిల్కిస్. "నన్నెందుకు తిప్పిన్రు?"

ఖయ్యూం ఆమె ఎదుట కూర్చున్నాడు. ఇప్పుడేం కనిపిస్తోందని అడిగాడు.

"సున్నం గోడ. ముక్కుకు తగులుతున్నది." ఆగింది. "పక్కన ఎవరో ఉన్నది."

"ఎవరు...?"

"తెల్వది. కండ్లు మూసుకున్నది... చెయ్యి చాపి తడుముతున్నది... గోడను... నా మొఖాన్ని..."

ఖయ్యూం వంగి చూశాడు. తన ఇంటివి మట్టిగోడలు, సున్నం ఎరగవు. అయినా బిల్కిస్ ఎడమ కంటి కింద, తప్పున్న చోట పెట్టినట్టు, తెల్లగా ఒక వేలి ముద్ర పడి ఉంది. ఇంకా తడిగానే ఉంది.